శలాకమ్మ, మూడు అచ్చుపెట్టెలు

పిల్లలూ, మీకొక ప్రశ్న. ఒక వస్తువు కొనాలని అంగడికి వెళ్ళామనుకోండి. అందులో ముందు ఏం చూడాలి? తొందరపడి చెయ్యెత్తకండి. ఆలోచించి చెప్పండి.

"ధర" అంటావా? సరే. "అందం" అంటావా? కూర్చో. "అమ్మ మొహం" అంటావా నువ్వు? అదీ చూడాల్సిందే, కాదనను. కానీ ముగ్గురి జవాబులూ కలిపినా సగమే అయింది. మిగతా సగం ఒక ముళ్ళపంది చెబుతుంది. బాగా అలిసిపోయిన ముళ్ళపంది. అందుకని కాస్త నెమ్మదిగా చెబుతుంది. కాళ్ళు ఊపకుండా వినండి.

అనగా అనగా, ఏనుగులకు కూడా కూర్చుని కబుర్లు చెప్పుకునేంత తీరిక ఉన్న కాలంలో, ఒక ఏటి ఒడ్డున ఒక అడవి ఉండేది. ఆ అడవికి రాజు కపిలకేసరి అనే సింహం. మంత్రి మధురభాషి అనే నక్క. మంత్రి నోరు తెరిస్తే రాజుగారి పొగడ్తే.

ఆ అడవిలో మూడు వందల బొరియలు. వానాకాలం వచ్చిందంటే ఏరు పొంగి బొరియల్లోకి నీళ్ళు వచ్చేవి. అందుకని వానలకు ముందు ప్రతి బొరియకూ ఒక చీటీ అందాలి. ఏ దారిన వెళ్ళాలి, ఏ గుట్ట ఎక్కాలి, ఎవరి వెనక ఎవరు నడవాలి, అంతా ఆ చీటీలో ఉంటుంది. నిరుటి చీటీ ఈ ఏడు పనికిరాదు. ఎందుకంటే ఏరు ఏటేటా దారి మార్చుకుంటుంది. పైగా చెదలు కాగితాన్ని బతకనివ్వవు.

ఆ చీటీలు రాసేది శలాకమ్మ. అదే మన ముళ్ళపంది.

అడవిలో అందరికీ చదవడం నేర్పింది ఆవిడే. రాయడం మాత్రం ఎవరూ నేర్చుకోలేదు. ఆ అడవి కాగితం దళసరి. పక్షి ఈకతో రాస్తే ఈక వంగిపోతుంది. ముల్లు కావాలి. ముళ్ళు ఎవరికున్నాయి? ఆవిడకే. వీపు మీంచి ఒక ముల్లు పీక్కోవాలి, సిరాలో ముంచాలి, రాయాలి. ఒక ముల్లు పది చీటీలు రాసేసరికి మొద్దుబారిపోతుంది. అప్పుడు ఇంకొకటి పీక్కోవాలి.

మూడు వందల చీటీలకు ఎన్ని ముళ్ళు? చెప్పండి. ఆ, ముప్పై. భేష్.

ముల్లు పీకితే నొప్పి. మళ్ళీ మొలుస్తుంది, కానీ ఏళ్ళు పడుతుంది. పీకినంత వేగంగా మొలవదు కదా. మన కథ మొదలయ్యే నాటికి శలాకమ్మ వీపు మీద మిగిలినవి అరవై ఎనిమిది. ముళ్ళపందికి ముళ్ళే ఇల్లు, ముళ్ళే కాపలా. ముళ్ళు లేని ముళ్ళపంది అంటే తలుపుల్లేని ఇల్లే.

ఒక వేసవిలో ఆవిడ సభకు వెళ్ళి నిలబడింది.

"ప్రభూ, నాకు ఓపిక తగ్గింది. ఊళ్ళలో అచ్చుపెట్టెలని ఉంటాయట. ఏం రాయాలో చెబితే చీటీలు వందలకొద్దీ తీసి ఇస్తాయట. ఒకటి కొనిపెట్టండి."

అచ్చుపెట్టె అంటే మీరు ప్రింటరు అంటారే, అదే. అడవిలో కరెంటు ఎక్కడిదని అడక్కు నువ్వు. మిణుగురులు ఇచ్చాయనుకో. కథ వినేటప్పుడు కాస్త సర్దుకోవాలి.

రాజుగారు సరేనన్నారు. మంత్రి మర్నాడే ఒక వర్తకుణ్ణి తీసుకొచ్చాడు. వాడు చిత్రపింఛుడనే నెమలి.

నెమలి తెచ్చిన పెట్టె తెల్లగా, చిన్నగా, ముద్దుగా ఉంది. ధర ఒక్క తేనెపట్టు.

"ఒక్క తేనెపట్టేనా!" అని సభంతా ఆశ్చర్యపోయింది.

"ఒక్కటే," అంది నెమలి. "మీకని ఇస్తున్నాను. లోపల సిరా డబ్బీలు కూడా పెట్టే ఇస్తున్నాను. ఇంకేం కావాలి?"

ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏ కొత్త పని మొదలుపెట్టినా తొలి అచ్చు రాజుగారిది. అంటే, ముందుగా రాజుగారి బొమ్మ వెయ్యాలి. నిలువెత్తు బొమ్మ, నిండు రంగుల్లో. ఆ తరవాతే మిగతా పని.

వేశారు. సింహం బొమ్మ అంటే మాటలా? ఆ జూలుకే పసుపు రంగు దాదాపు అంతా పోయింది. బొమ్మ మాత్రం మిలమిలా మెరిసింది. అందరూ చప్పట్లు కొట్టారు. శలాకమ్మ కూడా కొట్టింది, పాపం.

తరవాత చీటీలు మొదలుపెట్టారు. ఒకటి, రెండు, పది, నలభై. నలభయ్యో చీటీ దగ్గర పెట్టె ఆగిపోయింది. ఎర్రదీపం వెలిగింది.

"ఏమైంది?" అంది శలాకమ్మ.

"పసుపు అయిపోయింది," అంది నెమలి.

"చీటీలు నలుపులోనే కదా వేస్తున్నాం. నలుపు ఉంది కదా!"

"ఉంది. కానీ పెట్టె తనను తాను కడుక్కోవడానికి అన్ని రంగులూ కాస్త కాస్త తాగుతుంది, ఒక రంగు పూర్తిగా అయిపోతే పెట్టె మిగతావాటితో కూడా పని చెయ్యదు. దాని స్వభావం అంతే. కొత్త డబ్బీలు వేసుకోవాలి."

"ఎంత?"

"ఒక తేనెపట్టు."

"పెట్టె ఖరీదే ఒక తేనెపట్టు కదయ్యా!"

నెమలి పురి విప్పి అటు తిరిగింది. జవాబు చెప్పడం ఇష్టం లేనివాళ్ళు అలాగే తిరుగుతారు.

ఆ వేసవిలో అడవి మొత్తానికి ఉన్నది ఆ ఒక్క తేనెపట్టే. అది నెమలి దగ్గరికి వెళ్ళిపోయింది. మేఘాలు కమ్ముకొస్తున్నాయి. మిగిలిన రెండు వందల అరవై చీటీలూ శలాకమ్మే రాసింది. ఇరవై ఆరు ముళ్ళు పోయాయి. వీపు మీద మిగిలినవి ఎన్ని? నలభై రెండు. లెక్క తప్పకుండా చెప్పారు, సంతోషం.

రెండో ఏడు వచ్చింది. మంత్రి ఇంకొక వర్తకుణ్ణి తెచ్చాడు. వాడు చపలుడనే కోతి.

"ఆ నెమలి మిమ్మల్ని నిండా ముంచాడు," అంది కోతి. "డబ్బీ అయిపోతే పారెయ్యడమేంటి, సిగ్గు లేకుండా! నా పెట్టె చూడండి. డబ్బీకి చిన్న కన్నం పెట్టాలి. ఇదిగో సూది. ఇదిగో సిరా. సూదితో లోపలికి ఎక్కించి, పైన ఈ జిగురు బిళ్ళ అంటించాలి. అంతే! ఎన్నిసార్లయినా నింపుకోండి."

శలాకమ్మ పెట్టె చుట్టూ తిరిగి చూసింది. నెమలి అమ్మిన పెట్టె లాంటిదే. పైన రంగు మాత్రం వేరు.

"ఇది కన్నం పెట్టి నింపడానికి చేసిన డబ్బీలా లేదే, నాయనా?"

"అత్తా, నువ్వు మరీ అనుమానపు మనిషివి. నీ పని నువ్వు చూసుకో, నా పని నేను చూసుకుంటాను!"

మనిషి కాదు కదా అంటావా? నిజమే. కోతికి ఆ తేడా తెలీదు. కథలో అడ్డు రాకు.

మళ్ళీ తొలి అచ్చు రాజుగారిదే. మళ్ళీ జూలు. మళ్ళీ చప్పట్లు. ఈసారి శలాకమ్మ చప్పట్లు కొట్టలేదు. చేతులు లేవలేదు.

అరవై చీటీలు వచ్చాక నీలం సిరా అయిపోయింది. ఆవిడ సూది పట్టుకుంది. వయసు మీదపడ్డ చేతులు, వణుకుతాయి. మొదటిసారి కన్నం పక్కన గుచ్చింది. రెండోసారి కన్నంలో పడింది గానీ సిరా పైకి చిమ్మింది. మూడోసారి ఎలాగో నింపింది, బిళ్ళ అంటించింది, పెట్టెలో పెట్టింది. ఎర్రదీపం వెలిగింది.

"ఇప్పుడేమైంది?"

కోతి తల గోక్కుంది. "ఇది దాని సొంత సిరా కాదని కనిపెట్టినట్టుంది. ఒక్కోసారి కనిపెడుతుంది. ఒక్కోసారి కనిపెట్టదు. దాని మూడ్ బట్టి."

లోపల బిళ్ళ ఊడి సిరా కారింది. తీసిన చీటీల్లో పది మళ్ళీ తియ్యాల్సినట్టు తడిసిపోయాయి. కాని తియ్యడం ఎలా? పెట్టె కదలదు. శలాకమ్మ మొహమూ చేతులూ నీలం. నెల్లాళ్ళపాటు ఆవిడ ఎదురుపడితే కుందేలు పిల్లలు దడుసుకునేవి.

"ఏం శలాకమ్మా, పండగకి సింగారించుకున్నావా?" అని మంత్రి నవ్వాడు.

పిల్లలూ, అలసటలో రెండు రకాలు. పని చేస్తే వచ్చే అలసట పడుకుంటే పోతుంది. చేసిన పనే మళ్ళీ చెయ్యాల్సి వస్తే వచ్చే అలసట ఎంత పడుకున్నా పోదు. ఆవిడది ఆ రెండో రకం.

బాగున్నవి యాభై చీటీలు. మిగిలిన రెండు వందల యాభై చేత్తో రాసింది. ఇరవై అయిదు ముళ్ళు. ఇక మిగిలినవి పదిహేడు.

మూడో ఏడు వచ్చింది. ఇప్పుడు జాగ్రత్తగా వినండి. పదిహేడు ముళ్ళతో ఎన్ని చీటీలు రాయగలదు? నూట డెబ్భై. అంటే ఈసారి పెట్టె ఆగిపోతే, ఆవిడ వీపు పూర్తిగా బోడి అయిపోయినా సరే, ఎన్నో బొరియలకు చీటీ ఉండదు. వాళ్ళకు దారి తెలీదు. ఏరు ఆగదు.

శలాకమ్మ సభకు వచ్చింది. నమస్కారం పెట్టింది. ఒక రాయికి చేరబడింది.

"ప్రభూ, రెండుసార్లు మంత్రిగారు ఎంచారు. ఈసారి నన్ను ఎంచనివ్వండి. రాసేది నేను కదా."

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, యంత్రాల సంగతి ఈవిడకేం తెలుసు? వీపుకి గాలి తగిలి మతి చెడినట్టుంది."

సభ నవ్వింది. రాజుగారు నవ్వలేదు. ఆయన కూడా రాత్రుళ్ళు సరిగ్గా నిద్రపోని ముసలి సింహమే. "ఎంచుకోనివ్వు," అన్నారు.

వర్తకులకు కబురు వెళ్ళింది. నెమలి వచ్చింది, కొత్త పెట్టెతో. కోతి వచ్చింది, కొత్త సూదితో. వీళ్ళిద్దరి వెనక, చాలాసేపటికి, కమఠయ్య అనే తాబేలు వచ్చాడు. వీపు మీద ఒక బూడిద రంగు పెట్టె కట్టుకుని వచ్చాడు. అందంగా ఏం లేదు. ఒక పక్కన నాలుగు గాజు కుండీలు, వాటికి మూతలు. ధర రెండు తేనెపట్లు.

"రెండా!" అని కోతి ఎగతాళి చేసింది. "ఆ మొహానికి రెండా?"

"మా పెట్టెకి మొహం లేదు నాయనా, పొట్టే ఉంది," అన్నాడు కమఠయ్య.

నెమలి ముందుకొచ్చి, "మొదటి కాగితం వేసి చూపించమంటారా?" అంది.

"వద్దు," అంది శలాకమ్మ. "మొదటి కాగితం రెండేళ్ళు చూశాను. మొదటి కాగితం అందరిదీ బాగానే వస్తుంది. నాకు ఖాళీ అయిపోయిన పెట్టె కావాలి. మీ పెట్టెల్లో సిరా తీసేసి తీసుకురండి. నా ఎదుట నింపండి. మీరు కాదు, నేను నింపుతాను. ఈ చేతులతో." అని రెండు చేతులూ ముందుకు చాపింది. వణుకుతున్నాయి. "ఇవి నింపగలిగిన పెట్టె కొంటాను."

ముగ్గురూ పెట్టెల్లో సిరా తీసేశారు.

నెమలి పెట్టె ముందుకొచ్చింది. శలాకమ్మ డబ్బీ తీసి తిప్పి చూసింది. మూత లేదు, కన్నం లేదు. సీలు వేసిన గింజలా ఉంది.

"ఎక్కడ పొయ్యాలి?"

"పొయ్యరు," అంది నెమలి నామోషీగా. "పారేస్తారు."

కోతి పెట్టె వచ్చింది. ఆవిడ సూది పట్టుకుంది. నీలం రంగు చిమ్మి నేరుగా కోతి మొహాన పడింది. ఈసారి సభ మనస్ఫూర్తిగా నవ్వింది.

కమఠయ్య పెట్టె వచ్చింది. మూత తిప్పితే ఊడింది. కుండీ నోరు వెడల్పు. సీసా వంచి పోసింది. చేతులు వణికాయి, ఒక చుక్క బయట పడింది, మిగతాదంతా లోపలికి వెళ్ళింది. గాజులోంచి సిరా ఎంత వరకు ఎక్కిందో కనబడుతోంది. గీత దగ్గర ఆపి మూత పెట్టింది.

"ఈ సిరా నీ దగ్గరే కొనాలా?" అని అడిగింది.

"అక్కర్లేదమ్మా. మంచి సిరా ఎవరు అమ్మినా తీసుకోండి. నా దగ్గర సీసాకి పది ఉసిరికాయలు."

"దీని లోపాలేంటి?"

కమఠయ్య తల కాస్త లోపలికి తీసుకున్నాడు. అమ్మేవాణ్ణి ఎవరూ అలా అడగరు కదా. తరవాత బయటికి తీసి చెప్పాడు.

"ఉన్నాయమ్మా. నెమలి పెట్టెలా బొమ్మలు మెరవవు. రంగు సిరా మీద నీళ్ళు పడితే చెదురుతుంది, నలుపు మాత్రం చెదరదు. నెలల తరబడి వాడకుండా పెడితే సిరా వచ్చే ముక్కు ఎండిపోతుంది. వారానికి ఒక్క కాగితమైనా తియ్యాలి. పని ఉన్నా లేకపోయినా."

"లోపం చెప్పి అమ్ముతున్నావు. మంచిది. ప్రభూ, ఇది తీసుకుంటాను."

రెండు తేనెపట్లు ఇచ్చారు. అప్పుడు మంత్రి గట్టిగా అరిచాడు. "తొలి అచ్చు రాజుగారిది! నిండు రంగుల్లో! నిలువెత్తు!"

శలాకమ్మ పెట్టె మీద చెయ్యి వేసింది. తియ్యలేదు.

"వద్దు ప్రభూ."

రాజుగారి ఎదుట, రాజుగారి బొమ్మ వద్దన్న ప్రాణి అంతవరకు పుట్టలేదు.

"రాజద్రోహం!" అన్నాడు మంత్రి.

శలాకమ్మకు భయం వేసింది. వెయ్యకుండా ఉంటుందా? కానీ ఆవిడ భయపడేంత ఓపిక కూడా మిగలని స్థితిలో ఉంది. అందుకని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ప్రభూ, ఒక్క మీ బొమ్మకు నలభై చీటీల సిరా అవుతుంది. నలభై చీటీలంటే నలభై బొరియలు. రెండేళ్ళుగా ఆ నలభై చీటీలు నేను వీపు మీంచి ముళ్ళు పీకి రాశాను. ఇప్పుడు నా దగ్గర పీకడానికి ఎక్కువ లేవు. మీ బొమ్మ వేస్తే అడవికి అందం. వెయ్యకపోతే అడవికి దారి. ఏది కావాలో మీరే చెప్పండి. మీరు వెయ్యమంటే వేస్తాను."

కపిలకేసరి మంత్రి వైపు తిరిగి, "మంత్రీ, నా గుహలో నా బొమ్మలు ఎన్నున్నాయి?" అన్నారు.

"లెక్కలేనన్ని, ప్రభూ! ప్రతి పండక్కీ, ప్రతి పనికీ..."

"గోడలు నిండిపోయాయి. నేల నిండిపోయింది. ఎటు తిరిగి పడుకున్నా నా మొహమే నన్ను చూస్తూ ఉంటుంది. రెండేళ్ళుగా నేను బయట రాతి మీద పడుకుంటున్నాను. నడుం నొప్పి." సింహం ఆవులించింది. "ఈ ఆచారం ఎవరు పెట్టారు?"

అందరూ మంత్రిని చూశారు. మంత్రి తన తోకను చూసుకున్నాడు.

"మీకు ఇష్టమనుకున్నాను, ప్రభూ."

"నన్ను ఎప్పుడైనా అడిగావా?" అన్నారు రాజుగారు. "ఇక నుంచి తొలి అచ్చు ఏటికి అందరికంటే దగ్గరగా ఉన్న బొరియకు. అక్కడ ఎవరుంటారు?"

"పందికొక్కులు, ప్రభూ," అంది శలాకమ్మ.

"అయితే పందికొక్కులకే."

ఆ మధ్యాహ్నమే పని మొదలైంది. పందికొక్కుల ఇంటి చీటీ మొదట వచ్చింది. నల్లగా, పొడిగా, నీళ్ళు చల్లి చూసినా చెదరకుండా. తరవాత కుందేళ్ళది. తరవాత ఉడుముది. శలాకమ్మ పక్కన కూర్చుని కాగితాలు సర్దుతూ ఉంది. కళ్ళు మూతలు పడుతున్నాయి. అయినా గాజు కుండీ మీద ఒక చూపు ఉంచింది. సిరా నెమ్మదిగా దిగుతోంది. నూరు. నూట యాభై. రెండు వందల తొంభై.

కుండీ అడుగుకు వచ్చింది. ఉన్న సీసా కూడా ఖాళీ. సరిగ్గా రెండు వందల తొంభై తొమ్మిదో చీటీ దగ్గర పెట్టె ఆగిపోయింది.

మిగిలింది ఎవరిదో తెలుసా? మంత్రిది. నక్క ఎప్పుడూ రాజుగారి వెనకే తిరిగేది కదా, తన బొరియ పేరు జాబితాలో రాయించుకోవడానికి చివర్లో వచ్చింది.

ఆకాశం ఉరిమింది. తొలి చినుకులు పడ్డాయి. మంత్రి పెట్టె ముందు నిలబడి ఎర్రదీపం చూశాడు. మొదటిసారి వాడి నోట పొగడ్త రాలేదు.

"అయిపోయిందా? నాదే మిగిలిందా?" అన్నాడు. "శలాకమ్మా, నా బొరియ లోతట్టున ఉంది. లోపల పిల్లలున్నారు. ఒక్కటి, ఒక్క చీటీ చేత్తో రాసిపెట్టవూ?"

ఆవిడ వాడిని చూసింది. గాలి తగిలి మతి చెడిందన్నది వీడే. సింగారమన్నది వీడే. అనాలనుకుంటే చాలా ఉంది. అనడానికి ఓపిక ఉండాలిగా.

"పదిహేడున్నాయి నాకు. ఒకటి కూడా ఇవ్వను," అంది. "వెళ్ళి ఉసిరి చెట్టు దులుపు. పది కాయలు ఏరుకుని కమఠయ్య దగ్గరికి పరిగెత్తు. ఏటి మలుపు దగ్గరే ఉన్నాడు, ఆయన నడక నీకు తెలుసుగా, ఎంతో దూరం పోయుండడు."

నక్క పరిగెత్తింది. తడిసి, రొప్పుతూ, సీసాతో తిరిగొచ్చింది.

"ఇటివ్వు. లేదు, నువ్వే పొయ్యి. నేర్చుకో. మూత తిప్పు. అలా కాదు, ఎడమ వైపు. ఇప్పుడు వంచు. తొందర లేదు. గీత దగ్గర ఆపు."

నక్క పోసింది. చేతులు వాడివి కూడా వణుకుతున్నాయి. ఒక చుక్క కూడా పైకి చిమ్మలేదు. మూత పెట్టగానే ఎర్రదీపం ఆరింది. మూడు వందలవ చీటీ వచ్చింది.

నక్క దాన్ని రెండు చేతులతో పట్టుకుని చదువుకుంది. "పడమటి గుట్ట. తాటిచెట్ల దారి. కుందేళ్ళ వెనక నడవాలి." మళ్ళీ చదువుకుంది.

"అయిపోయిందని ఎందుకయ్యా అంత కంగారు?" అంది శలాకమ్మ. "ప్రతిదీ ఏదో ఒక రోజు అయిపోతుంది. సిరా అయిపోతుంది, ఓపిక అయిపోతుంది. అయిపోవడం తప్పు కాదు. పద, పిల్లల్ని లేపు."

ఆ రాత్రికి ఏరు పొంగింది. తెల్లారి పడమటి గుట్ట మీద రాజుగారు తలలు లెక్కపెట్టించారు. మూడు వందల ఇళ్ళవాళ్ళూ ఉన్నారు. ఒక్కరూ తగ్గలేదు. శలాకమ్మ మాత్రం లెక్క వినలేదు. ఒక బండ పక్కన, వీపు మీద పదిహేడు ముళ్ళతో, ముడుచుకుని నిద్రపోతోంది. లేపబోయిన కుందేలు పిల్లను నక్కే ఆపాడట. "ఉష్, పడుకోనీ," అన్నాడట.

అదీ కథ. ఇక లేవండి, నా చీర కుచ్చెళ్ళ మీద కూర్చున్నవాళ్ళు ముందు లేవండి. చింతపండు గింజలు తియ్యడం సగంలో వదిలేసి వచ్చాను, ఎండ ఉండగానే ఆరబెట్టాలి. వెళ్తూ వెళ్తూ చెబుతున్నాను, రాసుకోకపోయినా గుర్తు పెట్టుకోండి: ఏ వస్తువైనా కొనేటప్పుడు కొన్న రోజు ఎలా మెరుస్తుందో కాదు, ఖాళీ అయిన రోజు మన చేతులతో మనం నింపుకోగలమా లేదా అన్నది చూడాలి.